దుమ్ము పట్టిన కాగితం

ఎదురింటి కుర్రాడు మొన్న సెకండ్ హ్యాండ్‌లో పెట్రోల్ కారు కొన్నాడు. బోనెట్ ఎత్తి పెట్టి, "అంకుల్, కోన్ ఫిల్టర్ కిట్టు ఏపియ్యాల్నా, లోపలి ఫిల్టర్ ఒక్కటే మంచిది చూసి మార్చాల్నా? మీరేమంటరు?" అనడిగాడు. ఈ వారం నా చెవిన పడ్డ మంచి మాట ఇదే. సీటు కవర్ల గురించి, స్టీరియో గురించి అడిగేవాళ్లే గానీ ఇంజన్ ఎలాంటి గాలి పీలుస్తోందని అడిగేవాళ్లేరీ? బండి ఉన్నవాడు నెలకోసారైనా బోనెట్ ఎత్తి చూడాలని ఈ కాలమ్‌లో నేను ఎంత పోరుపెడుతుంటానో పాత పాఠకులకు తెలుసు.

ఉప్పల్, నాచారం వాళ్లకు ఈ ప్రశ్న మరీ అవసరం. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్లూపూళ్లూ సాగాయి. వరంగల్ రోడ్డు మీద దుమ్ము తినని బండి లేదు. 1,200 సీసీ ఇంజన్ 3,000 ఆర్‌పీఎం మీద, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే నిమిషానికి 1,500 లీటర్లకు పైగా గాలి లాగుతుంది. అందులోని సన్న ఇసుక రింగులకూ బోరుకూ మధ్య చేరిందంటే బోరు అరుగుతుంది, కంప్రెషన్ పడిపోతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది.

మా మేనమామ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసేవాడు. ఆయన అంబాసిడర్‌కు ఉండేది కాగితం ఫిల్టర్ కాదు, ఆయిల్ బాత్. ఆదివారం పొద్దున్నే వింగ్ నట్ విప్పి, ఆ డబ్బాను ఒలకకుండా రెండు చేతులా దించి, వరండాలో పాత పేపర్ పరిచి పెట్టేవాడు. మూత తీస్తే అడుగున నల్లటి నూనె. లోపలికొచ్చిన గాలి ఆ నూనె దాకా దిగి ఒక్కసారిగా పైకి మళ్లుతుంది. బరువైన దుమ్ము మళ్లలేక నూనెలో పడుతుంది. మిగిలింది పైనున్న తీగల జాలీకి అంటుకుంటుంది. నూనె వంపేసి, అడుగున పేరుకున్న మడ్డి వేలితో తీసి, "చూడు అల్లుడూ, ఇదంతా ఇంజన్లకు పోయేది" అని చూపించేవాడు. రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడేది. జాలీని కిరోసిన్‌తో కడగడం ఆయన పని, గీత దాకా కొత్త నూనె పోయడం నా పని. గీత దాటితే నూనె ఇంజన్‌లోకి పోతుంది, తగ్గితే దుమ్ము పోతుంది. అందుకని ఊపిరి బిగబట్టి పోసేవాణ్ణి.

అలా పెరిగినవాణ్ణి కాబట్టి, కడిగి, ఆరబెట్టి, నూనె రాసి మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ అంటే నా మనసు అటే లాగుతుంది. కానీ కుర్రాడికి అది వద్దనే చెప్పాను. కాటన్ నేత పలచన. గాలి సులువుగా పోయేది అందుకే, సన్న దుమ్ము పోయేదీ అందుకే. నూనె ఎక్కువైతే, గాలిని కొలిచే హాట్ వైర్ సెన్సార్ ఉన్న బండ్లలో ఆ తీగకు పట్టి లెక్క తప్పిస్తుంది.

కోన్ కిట్టు బోనెట్ కింది వేడి గాలి లాగుతుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. అలా కాదని పైపును బంపర్ కిందికి దింపితే, 2020 అక్టోబర్ లాంటి వాన పడ్డ రోజున సిలిండర్‌లోకి నీళ్లు లాగి కనెక్టింగ్ రాడ్ వంచుతుంది. ఆ నెలలో ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజే 32 సెంటీమీటర్లు కురిసింది. కిట్టు పెడితే చప్పుడు బాగుంటుంది, కాదనను. ఆ చప్పుడుకు మన రోడ్డు మీద ధర బోరు అరుగుదల.

కాగితానికి ఒక గుణం ఉంది. దాని మీద కొంత దుమ్ము పట్టాక ఆ పొరే ఇంకా సన్నటి దుమ్మును ఆపుతుంది. కొత్త ఫిల్టర్ కంటే కొద్దిగా మాసిందే బాగా వడకడుతుంది. మెకానిక్ దాన్ని తీసి, నేలకేసి కొట్టి, కంప్రెసర్ గాలి పెడితే ఆ పొర పోతుంది, మడత చిరగొచ్చు, డబ్బా అంచున ఉన్న ఇసుక శుభ్రమైన వైపు రాలుతుంది. మైలేజీ పడిపోతుందన్న భయమూ అక్కర్లేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షిస్తే, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ మారలేదు, పూర్తిగా తొక్కినప్పటి పికప్పే తగ్గింది. మామూలుగా నడిపేటప్పుడు గాలికి అసలు అడ్డు థ్రాటిలే.

కాబట్టి అతనికి చెప్పింది ఇదీ: కంపెనీ డబ్బా ఉండనీ, కంపెనీ కాగితమే వెయ్యి. ఇంత దుమ్ములో బుక్కులో రాసిన కిలోమీటర్లలో సగానికే మార్చెయ్. చిన్న కారుకైతే కొన్ని వందల రూపాయల పని. బోనెట్ నెలనెలా ఎత్తు. క్లిప్పులు బిగువుగా ఉన్నాయా, పైపు పగిలిందా, ఎలుకలు కొరికాయా చూడు. డబ్బా మాత్రం తెరవకు. మామ శ్రద్ధ నూనె గిన్నెకు తగింది. కాగితం కోరేది, గడువు దాకా దాని జోలికి వెళ్లకపోవడం.