నడక చూసి జబ్బు పట్టే విద్య

జేసీబీ దూరలేని సందుల్లో డ్రైనేజీ కాలువ తీయాలన్నా, పైపులైనుకు గుంత తవ్వాలన్నా మినీ ఎక్స్‌కవేటరే దిక్కు. సైట్లలో దాన్ని చిన్న చైన్ మిషన్ అంటారు. బకెట్ పళ్లు అరిగితే ఎవరికైనా కనిపిస్తుంది, బూమ్ సిలిండర్ కారినా కనిపిస్తుంది. చైన్‌ను తిప్పే ట్రావెల్ మోటారు మాత్రం స్ప్రాకెట్ లోపల, మట్టి కప్పుకుని ఉంటుంది. అందుకే దాని జబ్బును కంటికంటే ముందు చెవితోనూ చేతితోనూ పట్టే విద్యను పాత ఆపరేటర్లు పెంచుకున్నారు. హెల్పర్లుగా చేరిన కుర్రాళ్లు మిషన్ పక్కన నిలబడి నేర్చుకునే విద్య ఇది.

చిన్న మిషన్లు మొదలైనప్పుడు ఈ అవసరం ఇంతగా లేదు. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కెల్లర్ సోదరులు టర్కీ కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి ఒక చిన్న లోడర్ తయారుచేశారు. బాబ్‌క్యాట్ మిషన్లకు మూలం అదే. ఆ తొలినాళ్లలో చక్రాలను తిప్పినవి బెల్టులు, గొలుసులు. అవి జారినా తెగినా చూడగానే తెలిసేది. హైడ్రాలిక్ మోటారు వచ్చాక బలం పెరిగింది, లోపం లోపలికి వెళ్లి దాక్కుంది.

పంపు నుంచి 200 బార్‌కు అటూ ఇటూ ఒత్తిడితో వచ్చే ఆయిల్ మోటారులోని పిస్టన్లను నెడుతుంది. మోటారు తిరిగే వేగాన్ని ప్లానెటరీ గేర్లు తగ్గించి, బలంగా మార్చి స్ప్రాకెట్‌కు ఇస్తాయి. మోటారులో ఉండేది హైడ్రాలిక్ ఆయిల్, గేర్లలో ఉండేది గేర్ ఆయిల్. ఈ రెండూ కలవకుండా నడుమ సీల్ ఉంటుంది. గేర్ ఆయిల్ చిన్న మిషన్లలో చాలావాటికి లీటరు కూడా పట్టదు. అంత తక్కువలో ఒక గ్లాసెడు కారినా గేర్లకు ప్రమాదమే.

మొదట చూడాల్సింది నడక. చదునైన నేల మీద రెండు లివర్లూ సమానంగా తోసి ఇరవై మీటర్లు నడిపితే మిషన్ తిన్నగా పోవాలి. ఒక పక్కకు లాగుతుంటే ఆ వైపు చైన్ వెనకబడుతోందని అర్థం. పొద్దున బాగానే నడిచి, మధ్యాహ్నానికి ఒక వైపు నీరసించడం ఇంకా గట్టి గుర్తు. ఆయిల్ వేడెక్కి పలచబడితే, అరిగిన పిస్టన్ల పక్కనుంచి ఎక్కువగా జారిపోతుంది. అందుకే జబ్బు ఎండ వేళకు బయటపడుతుంది. ఈ ఒక్క తేడాను గమనించే ఆపరేటరు ఉంటే ఓనరుకు ఎన్నో వారాల వ్యవధి దొరుకుతుంది.

ఆ తర్వాత చెవి పని. క్యాబిన్ పక్కకు తిప్పి, బకెట్ నేలకు ఆనించి నొక్కితే ఆ వైపు చైన్ గాల్లోకి లేస్తుంది. దాన్ని తిప్పుతూ, మనుషులు దూరంగా నిలబడి వినాలి. గరగరమంటే గేర్లు లేదా బేరింగులు. చైన్ మీద సున్నంతో గుర్తు పెట్టి, మూడు చుట్లకు పట్టే సమయాన్ని రెండు వైపులా పోల్చితే అనుమానం అంకెగా మారుతుంది. పని ఆపాక రెండు మోటార్ల కవర్ల దగ్గర వేడిని కూడా పోల్చాలి. చేయి ఆనించకుండా దగ్గర పెట్టినా తేడా తెలుస్తుంది.

ఆయిల్ చెప్పేది అన్నింటికంటే ఎక్కువ. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరింది. డ్రైన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే, దాని మీద మెత్తని బూడిదరంగు పేస్టు మామూలే, గోటికి తగిలే రేకులు మాత్రం మామూలు కావు. బయట ఎక్కడా కారకుండా హైడ్రాలిక్ ట్యాంకులో మట్టం తగ్గుతుంటే, నడుమ ఉన్న సీల్ పోయి ఆ ఆయిల్ గేర్లలోకి చేరుతోందేమో చూడాలి. అలాంటప్పుడు ప్లగ్ తీస్తే లోపలి ఒత్తిడికి ఆయిల్ చిమ్ముతుంది. మొహం పక్కకు పెట్టి మెల్లగా వదులు చేయాలి.

మోటారు నుంచి ట్యాంకుకు తిరిగివచ్చే సన్నని డ్రైన్ పైపును చాలామంది పట్టించుకోరు. లోపల జారిన ఆయిల్ అందులోంచే వస్తుంది కాబట్టి, అది ఎంత వస్తోందో కొలిస్తే మోటారు అరుగుదల తెలుస్తుంది. కొన్ని మిషన్లలో, ముఖ్యంగా ట్రాక్ లోడర్లలో, ఆ దారిలో చిన్న ఫిల్టరు ఉంటుంది. పాత మోటారు రాల్చిన ఇనుప పొడితో అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీల్ చిట్లుతుంది. ఈ ఫిల్టరు మార్చకుండా కొత్త మోటారు బిగిస్తే అదీ పోతుంది. వేలల్లో పోయే పనికి ఇది లక్షలు పోగొట్టే తప్పు.

అయితే వెనకబడిన ప్రతి చైన్‌కూ మోటారే కారణం కాదు. చైన్ మరీ బిగుతుగా ఉన్నా, పైభాగం తిరుగుతున్నా కిందికి ఆయిల్ అందించే మధ్యలోని స్వివెల్ సీళ్లు పోయినా ఇవే లక్షణాలు. స్వివెల్ కింద, మోటార్లకు వెళ్లే పైపులను కుడి ఎడమలు మార్చి బిగిస్తే నిజం తేలుతుంది. నీరసం రెండో చైన్‌కు మారితే మోటారు బాగున్నట్టే, లోపం పైన ఎక్కడో ఉంది. అదే చైన్ దగ్గర ఉండిపోతే, చైన్ బిగుతు సరిగానే ఉంటే, మోటారును గానీ గేర్లను గానీ విప్పాల్సిందే. ఈ పరీక్ష చేయకుండా మోటారు మార్చమనే మెకానిక్ మాట నేనైతే వినను.

మన నేలల్లో అసలు శత్రువు నల్లరేగడి. తడిసి స్ప్రాకెట్ వెనక దట్టంగా పట్టి, ఎండి, సీల్ చుట్టూ గట్టిపడుతుంది. కంచె తీగ, ప్లాస్టిక్ తాళ్లు చుట్టుకుంటే సీల్ కోసుకుపోతుంది. సాయంత్రం పార పట్టి ఆ మట్టి తీసేయడం, చుట్టుకున్నవి కోసేయడం పావుగంట పని. గంటల లెక్కన కిరాయి నడిచే చోట ఆ పావుగంటే మొదట కోతపడుతోంది. ఓనర్లు ఆ సమయానికీ కూలి కట్టివ్వాలి. “ఎడమ చైన్ లాగుతోంది సార్” అని ఆపరేటరు చెప్పిన రోజునే మిషన్ ఆపి చూపించండి.