చెక్కిన వ్రాతయు, దిద్దు వ్రాతయు

2016 అక్టోబరు 11న నాలుగుగా విడివడిన మా పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ముక్కల పేర్లను కొటేషన్ గుర్తుల నడుమ నొకే వరుసగా వ్రాసి, పాయింటరుకు తగిలించి, కామాల వద్ద విడదీయుమని స్ట్ర్‌టోక్ ఫంక్షన్‌కు అప్పగించిన సి ప్రోగ్రాము, లినక్స్‌మీద మొదటి కామా చేరగనే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలును. విడదీయుటయనగా చదువుటయే గదా యని క్రొత్తవారు తలంతురు. నిజమునకా ఫంక్షన్ కామాను చెరిపి యచట సున్న బైటును వ్రాయబోవును, మన మిచ్చిన స్ట్రింగో, చదువుటకు మాత్రమే అనుమతిగల మెమరీలో నుండును.

దోషము కొంత భాషది. మార్పరాదని చాటు కాన్‌స్ట్ అను మాట 1989 నాటి ప్రమాణముతో సి లోనికి వచ్చునప్పటికే, అది లేక వ్రాయబడిన కోడు అపారముగా నుండుటచే, ప్రమాణకర్తలు కొటేషన్ల నడుమ వ్రాసిన స్ట్రింగ్ లిటరల్‌ను మార్చినచో ఫలితమునకు పూచీ లేదనుచునే, దాని టైపునకు కాన్‌స్ట్‌ను తగిలింపక విడిచిరి. అందుచే కంపైలర్ మౌనము వహించును. జీసీసీలో రైట్-స్ట్రింగ్స్ వార్నింగును పేరుపెట్టి అడుగవలెను, వాల్ అని వ్రాసినంతమాత్రమున అది రాదు (వాల్ అనగా 'అన్నియు' అని నమ్మినవారికి నమస్కారము).

కరీంనగర్ జిల్లా కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై జినవల్లభుడు 10వ శతాబ్దమున చెక్కించిన కందపద్యములను పరిశీలించు పండితుడు, తడికాగితము అద్ది అచ్చు తీసికొని, సవరణలను దానిమీదనే గుర్తించుకొనును గాని ఉలి చేతబట్టి గుట్ట నెక్కడు. కోడులో అట్టి అచ్చు క్యారెక్టర్ అర్రే: నక్షత్రపు గుర్తుకు బదులు స్క్వేర్ బ్రాకెట్లతో ప్రకటించినచో, ఆ యక్షరములే దిద్దుకొనదగిన స్వంత ప్రతిగా లభించును.

టెస్టులయందు అన్ని ఫంక్షన్లకును ప్రతులే యిచ్చుట క్షేమమని కొందరి మతము, నేనంగీకరింపను. వ్రాయు ఫంక్షన్‌కు ప్రతి యీయవలసినదే, కాని చదువుదునేగాని వ్రాయనని కాన్‌స్ట్‌తో ఒప్పుకొనిన ఫంక్షన్‌కు లిటరల్‌నే అందించవలెను. లోపల నెవరైన కాస్ట్ చేసి యా మాట తప్పిరేని లినక్స్‌వంటి వ్యవస్థపై అక్కడికక్కడే పట్టుబడుదురు, ప్రతి నిచ్చితిమేని ఆ ద్రోహము చప్పుడు లేక గడచిపోవును. ఫలితములను పోల్చుటలోను మెలకువ వలెను: రెండుచోట్ల వ్రాసిన నిర్మల్ అను లిటరల్‌ను కంపైలర్ ఒకేచోట నుంచవచ్చును, ఉంచకపోవచ్చును. కావున పాయింటర్లను పోల్చిన టెస్టు నెగ్గినను అది అదృష్టమే, స్ట్ర్‌కంప్ వాడవలెను.

తెలుగు వ్రాయువారికి మరియొక జాగ్రత్త గలదు. ఆదిలాబాద్ అను ఐదక్షరములు యూటీఎఫ్-8లో 27 బైట్లు, చివరి సున్నతో 28. అర్రే కొలత 27 అని వ్రాసినచో సి భాష అభ్యంతరము చెప్పక ఆ సున్నను విడిచివేయును గనుక, బ్రాకెట్లను ఖాళీగా నుంచి లెక్కను కంపైలరుకే వదలుట మేలు.