ఆచార్యులు పత్రికకు రాస్తే

పత్రికలకు రాస్తే స్థాయి తగ్గుతుందని విశ్వవిద్యాలయాల్లో కొందరికి అపోహ. దానికి మంచి జవాబు ‘చేరాతలు’. ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన చేకూరి రామారావు ఆ శీర్షికను ఆంధ్రజ్యోతి ఆదివారం అనుబంధంలో నడిపారు. 1975లో ‘తెలుగు వాక్యం’ వెలువరించిన శాస్త్రజ్ఞుడే ఇక్కడ కొత్తవాళ్ల కవిత ముందేసుకుని, ఏ మాట ఎందుకు పడిందో విప్పి చూపారు. పరిభాషను పక్కన పెట్టారు గాని శాస్త్రదృష్టిని వదల్లేదు.

కొన్నిచోట్ల మెప్పు పాలు ఎక్కువైందనే నేనంటాను. అయితే ఎందుకు మెచ్చారో చెప్పారు గనుక, కాదనే వీలు పాఠకుడికి మిగిలింది. 2014లో ఆయన కన్నుమూశారు. ఇవాళ టీవీ చర్చల్లో ఆచార్యులను తీర్పే అడుగుతున్నారు. కారణం చెప్పబోయేలోగా ప్రకటన వస్తుంది.

దరియాలతిప్పలో ఉండే నాకు ఇది చిన్న సంగతి కాదు. 1985లో ఏర్పడిన మన కేంద్రీయ విశ్వవిద్యాలయం వందల కిలోమీటర్ల అవతల, పుదుచ్చేరిలో ఉంది. తరగతి గది మా తిప్పకు రాదు, పత్రిక వస్తుంది. ఆచార్యులు అందులో తీర్పుతోపాటు కారణమూ పంపాలని నా మనవి.