బొగ్గుబాయి, గ్యాస్ బావి

సింగరేణి సంగతి కరీంనగర్, ఆదిలాబాద్ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బాయిల వెంట పెరిగిన ఊళ్లు. తట్టా చెమ్మసూ పట్టినవాడి వెనకే క్వార్టరు, హోటలు, బడి, యూనియన్ ఆఫీసు వచ్చాయి. అదే గోదావరి సముద్రంలో కలిసే కోనసీమలో ఈ వరుస తిరగబడింది. అక్కడి ఊళ్లు ఏనాటివో. కొబ్బరితోటల్లోకి ఓఎన్‌జీసీ రిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది. బావి దించి, గొట్టం కలిపి, కంచె వేశాక అక్కడ ఎక్కువమందితో పనిలేదు.

ప్రమాదాల్లోనూ ఈ తేడా ఉంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అందరూ డ్యూటీకి దిగినవాళ్లే. కోనసీమలోని పాశర్లపూడి బావి 1995 జనవరిలో అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు మాత్రం చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం నుంచి లీకైన గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా పోయారు. వాళ్లలో ఇళ్లల్లో నిద్రలో ఉన్నవాళ్లున్నారు. బాయికి పోయేవాడికి ప్రమాదంతోపాటు జీతమూ ఉంది. నగరం వాళ్లకు గొట్టం ఇచ్చింది ప్రమాదాన్నే.

బొగ్గుకు చాలా చేతులు కావాలి, అవి ఆగితే ప్రభుత్వాలు దిగొస్తాయి. చమురుకు ఆ బాధ తక్కువ. టిమతీ మిచెల్ ‘కార్బన్ డెమోక్రసీ’ పుస్తకంలో ప్రపంచం మొత్తానికి చేసిన ఈ వాదన మన నది రెండు కొసల్లోనూ కనిపిస్తుంది. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి ఆగితే కరెంటు కోతలతో ఆ సంగతి రాష్ట్రమంతటికీ తెలిసింది. కోనసీమ రైతు రాస్తారోకో చేయగలడు, పరిహారం అడగగలడు. గ్యాస్ మాత్రం గొట్టంలో పోతూనే ఉంటుంది. అలాగని బాయి బతుకును మరీ పొగడక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్మును ఏ యూనియనూ తీయలేదు.

అయితే ఆ బొగ్గే ఇప్పుడు గ్యాస్ దారి పట్టింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు 40 వేల దరిదాపులకు తగ్గారు; 2023-24లో తీసిన బొగ్గు మాత్రం దాదాపు 7 కోట్ల టన్నులు. ఓపెన్‌కాస్టులో పని షావెళ్లది, డంపర్లది. పైన ఊరుండగానే కింద తవ్విన రోజులు పోయి, ఊరినే లేపాల్సి వస్తోంది. లేవని ఊళ్లలో బ్లాస్టింగుకు గోడలు నెర్రెలిస్తాయి, బోర్లు ఎండుతాయి, చేలపక్కన మట్టిగుట్టలు లేస్తాయి. కోనసీమ రైతులూ అలాగే నేల కుంగుతోందంటారు. అది గ్యాస్ తోడినందుకా, ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగినందుకా అన్న వాదన తెగలేదు. ఓపెన్‌కాస్టు పక్క ఊరివాడు కంపెనీ ముందు నిలబడేది ఇప్పుడు కార్మికుడిగా కాదు, నగరం వాడిలాగే పరిహారం కాగితం పట్టుకుని. సింగరేణిలో గుర్తింపు సంఘానికి 1998 నుంచి ఎన్నికలు జరుగుతున్నాయి. వాటిలో ఇతనికి ఓటు లేదు.