‘కాందిశీక’ శబ్దం - వలస సాహిత్య విమర్శ పరిధి

‘కాందిశీకుడు’ అనే తత్సమ శబ్దంలోనే ఒక ప్రశ్న ఉన్నది. ‘కాం దిశం’, అనగా ఏ దిక్కుకు? భయంతో పరుగెత్తేవాడని అమరకోశం చెప్పిన అర్థానికి ఈ వ్యుత్పత్తి చక్కగా సరిపోతుంది. నేడు వాడుకలో ఉన్న ‘శరణార్థి’ శబ్దం శరణమిచ్చే వానిని ముందే ఊహించుకొంటుంది. కాందిశీకుని ఎదుట అటువంటి వాడెవ్వడూ లేడు. పైగా తెలుగులో ‘దిక్కు’ దిశకే కాక ఆదుకొనే మనిషికీ పేరు. ఒంటరిగా సరిహద్దు దాటే బాలుడు ఈ రెండర్థాలలోనూ దిక్కులేనివాడు.

వలస సాహిత్య విమర్శ ఈ భేదాన్ని తగినంతగా పట్టించుకోలేదు. 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ నానక్‌రామ్‌గూడకు తరలివచ్చింది. అక్కడ వీసా కోసం బారులు తీరే విద్యార్థులదీ ఒంటరి ప్రయాణమే. వారి ఏకాకితనాన్ని, చదువు అప్పులను తెలుగు కథ విస్తారంగా చిత్రించింది. విమర్శ దానికి డయాస్పోరా సాహిత్యమని పేరు పెట్టింది. గల్ఫ్, పాలమూరు వలసల రచనలనూ కలుపుకొని చూస్తే వీటన్నిటికీ ఆలంబనం ఊరే. పోయినవాడు తిరిగి రాకపోయినా, రాలేదని రోజులు లెక్కపెట్టే ఇల్లు ఒకటి ఉంటుంది.

అదే నగరపు మరో అంచున, బాలాపూర్ పరిసరాలలో నివసించే రోహింగ్యాలకు ఆ ఆలంబనం లేదు. మయన్మార్ 1982 నాటి పౌరసత్వ చట్టం వారిని ఏ దేశానికీ చెందనివారిని చేసింది. 2017 ఆగస్టు తరువాత 7 లక్షలకు పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. తల్లిదండ్రులను పోగొట్టుకొని, లేదా దారిలో విడిపోయి సరిహద్దు దాటిన పిల్లలు వారిలో ఉన్నారు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. అయితే 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 22వ అధికరణం ఒంటరిగా వచ్చిన శరణార్థి బాలునికి సైతం రక్షణ కల్పించాలంటుంది. ఒకే బాలుడు ఒక చట్టానికి విదేశీయుడు, మరొక ఒప్పందానికి రక్షణీయుడు.

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ గుర్తింపు కోరే వ్యక్తి తన కథను ముందుగా విచారణాధికారికి చెప్పవలసి ఉంటుంది. అక్కడ తేదీలు, ఊళ్ల పేర్లు, సంఘటనల క్రమం పొసగాలి. మరచిపోవడం, కలగాపులగం చేయడం బాల్యస్మృతి స్వభావం. విచారణలో అదే అనుమానానికి తావు. కథనశాస్త్ర దృష్టితో చూస్తే ఇక్కడ శ్రోత పరీక్షకుడు. తెలుగు విమర్శకు ఇది దూరపు విషయం కాదు. దళిత, స్త్రీవాద, ముస్లింవాద విమర్శలు కష్టపడి నిలబెట్టిన ‘అనుభవ ప్రామాణికత’ అనే ప్రమాణానికి విలువ ఎంతో ఉన్నది. దానిని యథాతథంగా ఈ బాలునికి వర్తింపజేస్తే మాత్రం విమర్శకుడు విచారణాధికారి కుర్చీలోనే కూర్చుంటాడు.

జాషువా ‘కాందిశీకుడు’ (1945) ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలించదగినది. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేసిన తరువాత లక్షలాది భారతీయులు, వారిలో తెలుగువారు, ఇటువైపు బయలుదేరారు. ఎందరో కొండలూ అడవులూ కాలినడకన దాటారు. ఆ పలాయనమే కావ్యానికి నేపథ్యం. జాషువా ఆ దారిన నడిచినవాడు కాడు. అంతమాత్రాన ఆ కావ్యం అప్రామాణికమని ఎవరూ అనలేరు. నాటి దారులలో ఒకటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కు పోయేది. రోహింగ్యాలు విడిచి వచ్చిన రఖైన్ ఆ అరకానే. 1942లో తెలుగువారు ఏ నేలమీదుగా పారిపోయి వచ్చారో, ఆ నేలవారే నేడు తెలుగు నేలమీద కాందిశీకులు. విమర్శ వీరిని వేర్వేరు అధ్యాయాలలో ఉంచడానికి సాహిత్య కారణమేదీ కనిపించదు.

భేదం లేకపోలేదు. బర్మా నుంచి వచ్చిన తెలుగువానికి ఇటువైపు తన భాష వినే ఊరు ఉన్నది. రోహింగ్యా బాలుని మాట ఇక్కడ దుబాసీ నోట మారిన తరువాతనే వినిపిస్తుంది. అయితే 2018 చట్టంతో తెలంగాణ పాఠశాలలలో తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. బాలాపూర్‌లో బడి మెట్లెక్కిన రోహింగ్యా పిల్లవాడు దిద్దే అక్షరాలలో తెలుగు అక్షరాలూ ఉంటాయి.