నిప్పుల పొగ, గ్యాసు మంట

నర్సంపేటలో మాంసపుటంగళ్ల వరుస చివర, గోడకానించిన రేకుపలకపై "ఇచ్చట తలకాయ, కాళ్లు కాల్చబడును" అను నక్షరములు చూచి, ఇదియొక అల్పవృత్తి యని తలచి ముక్కు మూసికొని దాటిపోవువారు పెక్కుమంది కలరు. కాని ఆ పలక వెనుక కొలిమి ముందు కూర్చుండి, నిప్పులను కడ్డీతో కదపుచు, మేకతలను చెవిమడతలు మొదలు పెదవి యంచు వరకు ఒక్క వెంట్రుకయైన మిగులకుండ, చర్మమెచ్చటను పగులకుండ త్రిప్పి త్రిప్పి, తేనెరంగు తిరిగిన క్షణముననే వెలికి తీయగల పనివాని చేతిని కొంతసేపు నిలిచి చూచినవాడు దానిని కళ యనక మానడు.

ఈ పనిలో మంటకంటె నిప్పునకే ప్రాధాన్యము. తుమ్మబొగ్గో చింతబొగ్గో బాగుగా రాజుకొని, పైని సన్నని బూడిదపొర కప్పిన తరువాతనే తలను దానిపైకి తెత్తురు. మొదట చెవులు, ఏలయన అవి పలుచనివి, వెంటనే తీయకున్న మాడును; పిమ్మట ముక్కుపుటములు, కనురెప్పలు, దవడక్రింది మడతలు. కాళ్ల విషయమున నైపుణ్యము మరింత సూక్ష్మము: గిట్టలను నిప్పులలో దూర్చి, లోపలి పట్టు సడలిన గడియను వాసనచేతనే కనిపెట్టి, రాతిపై నొక్క దెబ్బతో డొల్లను ఊడదీయుదురు, ఆ గడియకు ముందైన డొల్ల కదలదు, ఆలస్యమైన చర్మము మాడి చేదెక్కును. పిమ్మట కత్తితో మసి గీకి, పసుపు రుద్ది కడిగిన ఆ కాళ్లు దంతపుకడ్డీలవలె మెరయును. ఈ గుట్టేమని ఒక వృద్ధ కమ్మరి నడుగగా, "మంటెక్కువ పెడితే తోలు మాడుతది సారూ, లోన పచ్చిగనే ఉంటది, నిప్పుల మీద తిప్పుకుంట కూసోవాలె" అని, చేయి ఆపకయే చెప్పెను.

ఈ విద్య ఎంత ప్రాచీనమో పూర్తిగా వివరింప నాకు తీరిక లేదు, ఒక్క నిదర్శనము చాలును. కాకతీయుల పూర్వులు సామంతులై కొలిచిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున, వరాహపు రోమములను గడ్డిమంటతో తొలగించు విధము చెప్పబడినదందురు. రాజుల వంటశాలలో గ్రంథమెక్కిన యుక్తి మన కమ్మరుల కొలిమిలో గ్రంథము లేకయే బ్రతికినది. రెండేండ్లకొకమారు మేడారమున సమ్మక్క సారలమ్మల జాతరకు పోయినవారు, అడవిగాలికి మంట నిలువని చోట గుప్పెడు గడ్డి ముట్టించి, ఈకలు పెరికి పసుపు పూసిన కోడిని ఆ మంటలో అటునిటు విసరి కాల్చు గ్రామీణస్త్రీలను చూచియే యుందురు. ఆ నేర్పు పట్టణమందలి ఏ పాకశాస్త్ర పాఠశాలయందైన బోధింపబడునా యని నాకు సందేహము.

ఇట్లు కాల్చిన తలకాయ కూరకు రుచి ఎచ్చటనుండి వచ్చుచున్నది? చర్మముక్రింది కొవ్వు కరగి నిప్పులపై బొట్లుబొట్లుగా పడి, పొగయై పైకి లేచి, మరల ఆ చర్మమునకే అంటుకొనుటచేత కొంత. కట్టెలోని లిగ్నిన్ అను పదార్థము మంట లేక మెల్లగా కాలునపుడు గ్వాయకాల్, సిరింగాల్ మొదలగు సుగంధద్రవ్యములుగా విడివడుటచేత అధికభాగము. ఆ పొగరుచిని చెడగొట్టదు గనుకనే చపాట మిరపను ఈ ప్రాంతపు సొత్తుగా నేను విడువక ప్రశంసింతును. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాయ ఎరుపు నిచ్చును గాని కారముతో నాలుకను మొద్దుబార్చదు. దాని చాటున పొగరుచి దాగిపోదు.

ఇక గ్యాసు మాట. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపం పథకము, 2016లో కేంద్రమువారి ఉజ్జ్వల పథకము గ్యాసుబండను పల్లెయింటికి చేర్చినవి. ఊదుగొట్టము పట్టి, కన్నీరు తుడుచుకొనుచు వండిన తల్లుల కన్నులను ఎరిగినవాడెవడును ఆ మేలును నిందింపడు, నేనును నిందింపను. అయితే బండలోని ప్రొపేను, బ్యుటేను అను వాయువులు సరిగా మండినచో మిగులునవి బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి మాత్రమే. అందు కట్టె లేదు, కనుక కట్టెవాసనయు లేదు. గ్యాసు వేడి నీయగలదు. పొగను మాత్రము మనమే వేరుగా పుట్టింపవలెను. ఈ యొక్క విషయము తెలియకపోవుటచేతనే నేడింత అనర్థము జరుగుచున్నది.

అనర్థమనుటకు వెనుకాడను. కొలిమి యుండిన చోట నేడు గ్యాస్ గన్ బుసకొట్టుచున్నది. దాని మంట పైచర్మమును క్షణములో నల్లబరచును, వెంట్రుక మొదళ్లు మాత్రము లోననే నిలుచును. గాలి చాలక మంట పసుపువన్నెకు తిరిగినచో మసియు, గ్యాసు కంపును మాంసమునకు పట్టును. గిరాకీదారు నల్లని తలను చూచి బాగుగా కాలినదని మురిసి కొనిపోవును. అంతకంటె ఘోరము సీసాలలో నమ్ము పొగద్రవము: నాలుగు చుక్కలు పులుసులో కలిపి "కట్టెలపొయ్యి రుచి" యని బోర్డు కట్టు హోటళ్లను చూచినపుడు నా మనసు మండును. హైదరాబాదువారు మెచ్చు ధుంగార్ కూడ, గిన్నెలో నిప్పుకణిక నుంచి నేయి చల్లి మూత వేయు ఆ పద్ధతి, ఉడికిన కూరకు పైపూత మాత్రమే గాని, పచ్చిమాంసమున నాటిన పొగకు సాటిరాదని నర్సంపేట పక్షమున నిలిచి చెప్పుచున్నాను.

గ్యాసుతోనే మంచి పొగ సాధింపగోరువారికి మార్గము లేకపోలేదు. పెరటిలోనో డాబాపైననో, గాలి యాడు చోటనే చేయవలెను. మూసిన గదిలో బొగ్గు రాజేయుట ప్రాణాంతకము. గ్యాసు పొయ్యిపై దళసరి ఇనుప కంచుడు నుంచి, అందు పిడికిలిలో పట్టు నంతటి కట్టెముక్కలు రెండు మూడు వేయుడు. సన్నని పేళ్లు వేసినచో అవి భగ్గున మండి బూడిదయగును, మెల్లగా కాలునట్టి పెద్దముక్కయే పొగ విడుచును. పేళ్లే దొరకినచో వానిని మూతగల ఇనుప డబ్బాలో పెట్టి, మూతకు రెండు రంధ్రములు పొడువుడు. గాలి తగ్గినచో మంట పుట్టదు. కట్టెను నీట నానబెట్టిన మేలని చెప్పుదురు గాని, నానిన కట్టె ముందుగా ఆవిరినే విడుచును, పొగ ఆలస్యమగుట తప్ప వేరు లాభము లేదు. కంచుడుపై జాలీ, జాలీపై ఉప్పు పసుపు పట్టించిన మాంసము, దానిపై మూత. మూతకు పైరంధ్రము తెరచియే యుంచవలెను. నిలిచిపోయిన తెల్లని దట్టపు పొగ చేదును పూయును, కదలిపోవు పలుచని నీలిపొగయే రుచి నిచ్చును. మాంసము చల్లగా, పైతడి ఆరీఆరక యుండగనే పొగలోనికి చేర్పుడు, ఏలయన చల్లని తడిచర్మమునకే పొగ బాగుగ అంటును. ఎండిన పిమ్మట పొగ అంతగా అంటదు. లోపలి వేడి 110 డిగ్రీల సెల్సియస్ చుట్టుప్రక్కల నిలుచునట్లు మంటను తగ్గించి, ఒక చిన్న గిన్నెలో నీరు ప్రక్కన నుంచిన చాలును.

కట్టె యెంపికలో నాకు నిశ్చితాభిప్రాయము కలదు. మామిడి, జామ, చింత, తుమ్మ ఉత్తమములు. మన మక్కచేల బెండ్లు ఎండినవి మృదువైన పొగ నిచ్చును. వేప చేదు. పురుగుమందులు త్రాగిన పత్తికట్టెయు, రంగు పూసిన పాతచెక్కయు ముట్టరాదు. చెరువుకట్టలపై కలుపుగా పెరిగి అందరిచే తిట్లు తినుచున్న సర్కారు తుమ్మ, అమెరికాలోని టెక్సాస్‌వారు మెస్కీట్ అను పేర మాంసమునకు పొగబెట్ట వాడుకొను చెట్ల జాతియే! డల్లాసులో ఇల్లు కట్టుకొన్న మన తెలుగువారు పెరటిలో గ్యాసు స్మోకరు పెట్టి మెస్కీట్ ముక్కలు డబ్బాలుగా కొనుచుండగా, వారి మేనమామలు పాకాల చెరువు దారిలో ఆ కట్టెను తెగనరికి పారవేయుచున్నారు.

అయినను గ్యాసుపొయ్యి నెంత సవరించినను, తల కాల్చుట యందు అది కొలిమివానికి సాటి రాదు. చెవిమడత వెనుక నిప్పును నడపుటకు కన్నును చేయియు వలయును. అట్టి చేతులు నేడు వేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలినవి. వారి కుమారులు గ్యాస్ గన్ పట్టుటో, ఊరు విడుచుటో చేయుచున్నారు. పట్టణమువారు మాంసపు మార్కెట్టు కట్టించునపుడు పొగగొట్టముతో కూడిన ఒక కొలిమికి చోటు చూపవలెను. పెండ్లికి వందలమందికి భోజనము పెట్టు గృహస్థులు, కూరకు పెట్టు ఖర్చులో కొంత కాల్చువానికి హెచ్చుగ నీయవలెను. మీరును వచ్చు ఆదివారము తలకాయ కొనునపుడు, నిప్పుల మీదనే కాల్చుమని అడుగుడు, ఆలస్యమగునన్నచో నిలువుడు.