బిల్లు కౌంటరు ధర్మం

ఉద్యోగంలో సేవాభావాన్ని గురించి చర్చ వచ్చినప్పుడు దృష్టి సాధారణంగా ఎదుట నిలిచిన మనిషి మీదే, అంటే రోగి, విద్యార్థి, కొనుగోలుదారు వంటివారి మీదే ఉంటుంది. వారిని మోసగించకపోవడం, మర్యాదగా చూడటం, పని వేళకు ముగించడం వృత్తిధర్మానికి కొలమానాలవుతాయి. చేతిలోని వస్తువు ఎవరి కష్టం మీదుగా వచ్చిందో కూడా ఆలోచిస్తే ఆ ధర్మం పరిధి ఎంత దూరం సాగుతుందో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో 1984లో మొదలైన సమ్మె తెలియజేస్తుంది.

ఆ కాలంలో దక్షిణాఫ్రికాలో అపార్ట్‌హైడ్, అంటే నల్లజాతివారికి ఓటును, భూమిని, స్వేచ్ఛగా తిరిగే హక్కును చట్టప్రకారమే నిరాకరించే పాలన, అమలులో ఉండేది. ఆ దేశపు సరుకులను ముట్టుకోవద్దని దుకాణ ఉద్యోగుల సంఘం తన సభ్యులకు సూచించింది. 1984 జూలై 19న హెన్రీ స్ట్రీట్‌లోని డన్స్ స్టోర్స్‌లో బిల్లు కౌంటరు దగ్గర పనిచేస్తున్న 21 ఏళ్ల మేరీ మానింగ్, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గ్రేప్‌ఫ్రూట్‌కు, అంటే పంపరపనసను పోలిన పండుకు, బిల్లు వేయడానికి నిరాకరించారు. యాజమాన్యం ఆమెను సస్పెండ్ చేయగా, సంఘ ప్రతినిధి కారెన్ గియరన్‌తో సహా కొద్దిమంది సహోద్యోగులు ఆమె వెంట బయటికి నడిచారు.

వారిలో ఎక్కువమందికి అపార్ట్‌హైడ్ గురించి తొలినాళ్లలో తెలిసింది స్వల్పమే. 1956 నాటి రాజద్రోహ విచారణలో నిందితుడిగా నిలిచిన దక్షిణాఫ్రికా కార్మిక నాయకుడు నిమ్‌రాడ్ సెజాకే అప్పట్లో ఐర్లండ్‌లో ప్రవాసంలో ఉంటూ సమ్మె చేస్తున్న వారి వద్దకు వచ్చి తన దేశ పరిస్థితిని వివరించడంతో, సంఘం మాటకు కట్టుబడి చేసిన పని క్రమంగా స్వంత నమ్మకమైంది. నీతిని ముందు పూర్తిగా తెలుసుకుని తరువాత ఆచరించాలన్న అభిప్రాయం సర్వత్రా నిజం కాదనీ, ఆచరణ కూడా జ్ఞానానికి దారి తీయగలదనీ దీనివల్ల తెలుస్తుంది.

పనిని నిరాకరించడం ఐర్లండ్‌కు కొత్త కాదు. 1880లో మేయో కౌంటీలో కౌలు రైతులను వెళ్లగొట్టజూసిన ఎస్టేట్ ఏజెంటు చార్లెస్ బాయ్‌కాట్‌కు కూలీలు కోతకు వెళ్లలేదు, దుకాణదారులు సరుకు అమ్మలేదు. అయితే మేయోలో మనిషినే వెలివేయగా, డబ్లిన్‌లో నిరాకరణ వస్తువుకే పరిమితమైంది. కౌంటరు దగ్గర ఎదుట ఉన్న కొనుగోలుదారు పట్ల మర్యాదకు భంగం కలగకుండానే, తోటల్లో ఆ పండ్లు కోసిన, కంటికి కనిపించని కూలీని కూడా లెక్కలోకి తీసుకోవడం ఆ చర్యలోని విశేషం.

ఆ నిరాకరణకు మూల్యం చెల్లించినవారు సమ్మె చేసినవారే. వారానికి 21 పౌండ్ల సమ్మె భత్యంతో రెండున్నరేళ్లకు పైగా నెట్టుకొచ్చారు. 1985లో స్వయంగా దక్షిణాఫ్రికాకు వెళితే జోహనెస్‌బర్గ్ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపించారు. చివరకు 1987లో ఐర్లండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది. 1990లో జైలు నుంచి విడుదలైన దక్షిణాఫ్రికా నాయకుడు నెల్సన్ మండేలా అదే ఏడాది డబ్లిన్‌కు వచ్చినప్పుడు వారిని కలుసుకున్నారు.

ఇప్పుడు ఐర్లండ్ సూపర్‌మార్కెట్లలో చదువుకుంటూ పనిచేసే తెలుగు విద్యార్థులున్నారు, ఆసుపత్రులలో, సాఫ్ట్‌వేర్ సంస్థలలో స్థిరపడినవారున్నారు. వీసా, అద్దె, అప్పు వంటి బరువులు మోసే ఉద్యోగి నుంచి అటువంటి త్యాగాన్ని ఆశించడం న్యాయం కాదు. మేరీ మానింగ్‌కైనా సంఘం తీర్మానం, సహోద్యోగుల తోడు లేకపోతే అంతకాలం నిలవడం సాధ్యమయ్యేది కాదు. కనుక పనిలో నీతిని ఒక్కరి మనోబలానికి వదిలేయకుండా, తప్పును తప్పని చెప్పినవారికి అండగా నిలిచే ఏర్పాటును పనిచోటనే కల్పించుకోవడం కూడా సేవలో భాగమే అవుతుంది.